రెండు గద్దలు

ప్రతి ఏడూ ఏప్రిల్ 14 జయంతి అయిన రెండో రోజుకల్లా రిసాలిలో మా ఇంటికి తాళం పడుతుంది. చౌక్‌లో కట్టిన నీలి తోరణాలు అప్పటికింకా విప్పరు. మేం దుర్గ్ స్టేషన్‌లో సంచుల మీద కూర్చుని విశాఖ బండి కోసం చూస్తుంటాం. మేమంటే ఇద్దరం. ఉక్కు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన ఒకరం, బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన ఒకరం. మాతో ఎనభై నాలుగేళ్ల అమ్మ. ఈసారి మా కూతురి కూతురు కూడా వచ్చింది. దానికి పదకొండేళ్లు. దాని తెలుగులో సగం హిందీ.

నాన్న 1958లో శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయి వచ్చారు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఈ రెండు తేదీల మధ్య ఆ నేలంతా తవ్వకమే. తవ్వడానికి చేతులు కావాలి. మా వైపు నుంచి చాలామంది అలా వచ్చినవాళ్లే. ఊరు ఎందుకు వదిలావని ఎవరడిగినా నాన్న రెండే కారణాలు చెప్పేవారు: ఇక్కడ మట్టి మోసినా కూలి లెక్కగట్టి చేతిలో పెడతారు, నీళ్లు కుళాయిలో వస్తాయి. ఊళ్లో బావి గట్టు మాకు లేదు. ఎవరో ఒకరు తోడి పైనుంచి పోస్తేనే కడవ నిండేది.

నాన్న లెక్కలో భిలాయి పక్షి అంటే గద్ద. ఇక్కడివాళ్లు చీల్ అంటారు. పొగగొట్టాల పైన, మాంసం దుకాణాల పైన, చెత్తకుప్పల పైన గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ‘మనమూ అదే కదా, పొగ ఎక్కడుంటే అక్కడికి వచ్చాం’ అని నవ్వేవారాయన.

మాకు పక్షుల మీద చూపు పడింది మాత్రం ఉద్యోగాలు అయిపోయాకే. చక్కెర జబ్బు వచ్చింది, నడవమని డాక్టరు చెప్పారు. మరోదా చెరువు వైపు నడవడం మొదలుపెట్టాం. ఆ దగ్గరలోనే మైత్రీ బాగ్ ఉంది, తెల్ల పులులకు పేరుపడ్డ జంతుశాల. ఆదివారం జనమంతా టికెట్టు కొనుక్కుని బోనుల దగ్గరికి పోతారు. చెరువు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటుంటే చూసేవాళ్లు తక్కువ. దానికి టికెట్టు లేదు, అదొక్కటే లోపం అనుకుంటాం. ఏప్రిల్లో మోదుగలు కాయలు పట్టి ఉంటాయి, ఇప్పచెట్ల కింద తెల్లారేసరికి పువ్వు రాలి తీపి వాసన కొడుతుంది, రేల చెట్లు పసుపు గెలలు దించుతాయి. పదిగంటలకల్లా తారు రోడ్డు కాలుతుంది.

ఒక ఏడాది దీక్షాభూమికి వెళ్లినప్పుడు నాగపూర్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో మాకు సలీం అలీ గారి భారతదేశ పక్షుల పుస్తకం దొరికింది. 1941లో మొదట అచ్చయిన ఆ పుస్తకానికి ఎన్నో ముద్రణలు. మాది అట్ట ఊడిన ఏదో మధ్య ముద్రణ. బొమ్మలు చూసి పిట్టను పోల్చుకోవడం, పక్కన పెన్సిలుతో తేదీ రాసుకోవడం మా అలవాటు. ఇంగ్లీషు పేర్ల కేసి మేం పెద్దగా చూడలేదు. చూసింది పాప.

రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా బండి దిగి వస్తుంటే కిటికీలోంచి గాలి మారుతుంది. విజయనగరంలో బండి మారి శ్రీకాకుళం రోడ్డులో దిగుతాం. అక్కడినుంచి బస్సు. మా వాళ్ల పల్లె పేరు ఇక్కడ చెప్పం. వంశధార సముద్రంలో కలిసే చోటికి, కళింగపట్నం దీపస్తంభానికి పొద్దున్నే నడిచి చేరేంత దూరం అనుకోండి, చాలు.

తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తాం. త్రిశరణ పంచశీల చెప్పుకుని, కొంచెం చద్దన్నం తిని బయల్దేరుతాం. అమ్మను ఆటోలో సరుగుడు తోపు దాకా తీసుకెళ్లి నీడలో కూర్చోబెడతాం. ఎండ మండకముందు ఉండే ఆ రెండు గంటలే మాకు సముద్రం.

ఇసుక దిబ్బల మీద మొదట కనిపించేది బాలబంద తీగ. మేక డెక్కలా నడిమికి చీలిన ఆకు, ఊదారంగు పువ్వు. పువ్వు పొద్దున విచ్చి ఎండెక్కితే వాడిపోతుంది. బారల కొద్దీ పాకి, కణుపు కణుపుకీ వేళ్లు దించి ఇసుకను కట్టేస్తుంది. దాని పక్కనే రావణాసురుడి మీసాలు. పేరు గొప్పగా ఉన్నా అదొక గడ్డి. సూదుల్లాంటి ఆకులు పిక్కలకు గుచ్చుకుంటాయి. ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. ఆడమొక్క గింజల బంతి ఎండాక తెగిపోయి గాలికి ఒడ్డు పొడుగునా దొర్లుతూ పోతుంది. ఎక్కడ ఆగితే అక్కడ గింజ రాల్చుకుంటుంది. పాప వాటి వెంట పరుగెత్తి ఒక్కదాన్నీ పట్టలేకపోయింది. ఈ తీగా ఈ గడ్డీ లేకపోతే దిబ్బ నిలవదు, దిబ్బ లేకపోతే వెనకనున్న చేలల్లోకి ఉప్పుగాలీ ఇసుకా వచ్చిపడతాయి. తోపుల్లోని సరుగుడు మనిషి తెచ్చి నాటింది. జీడిమామిడి బ్రెజిల్ నుంచి ఓడల్లో వచ్చింది. ఇవి రెండూ రాకముందు కూడా దిబ్బలు నిలబడే ఉన్నాయి.

తోవ పక్కన పసుపు పువ్వుల ముళ్ల మొక్క ఒకటి దుబ్బులుగా ఉంది. ‘ఇదేటి?’ అని అమ్మకు ఒక కొమ్మ తెచ్చి చూపించాం. ‘పిచ్చికుసుమ’ అంది. పుస్తకాల్లో దానికి బ్రహ్మదండి అన్న పేరు కూడా ఉంది. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు, గింజ నూనె ఆవనూనెలో కలిస్తే ఒళ్లంతా నీరు పట్టి మనుషులు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. ఎక్కడినుంచో వచ్చిన విషపు మొక్కకు బ్రహ్మ పేరు ఎలా దక్కిందో! అమ్మ వాడే పేరే మాకు నచ్చింది.

ఒడ్డున నీళ్ల అంచు వెంట ఉల్లంకులు పరుగులు తీస్తుంటాయి. అల వెనక్కి పోతే ముందుకి, అల వస్తే వెనక్కి. చలికాలమంతా ఇక్కడ గడిపి ఏప్రిల్ చివరికి వెళ్లిపోయేవాటిలో వీపు మీద బంగారు చుక్కలున్న రకం ఒకటుంది. వెళ్లేముందు దాని కడుపు నల్లబడుతుంది. సైబీరియా దాకా పోయి గుడ్లు పెడుతుంది. నాన్న బతికుంటే దాన్ని రష్యా ఇంజనీరు అనేవారు.

రెండో రోజు తోపు వెనక బీడులో నడుస్తుంటే తీతువు ఒకటి లేచి నెత్తి మీద తిరుగుతూ అరవసాగింది. ఎర్రటి ముక్కు, కంటి ముందు ఎర్ర చర్మం, పొడుగు పసుపు కాళ్లు. ఆగకుండా అరుస్తూ మా మీదికి దిగి మళ్లీ లేచింది. మేం ఫొటో కోసం ముందుకే పోతున్నాం. చెట్టు కింద నుంచి అమ్మ గట్టిగా కేకేసింది.

‘అటెల్లకండర్రా! గుడ్లెట్టింది. అందుకే అరస్తంది. సుట్టు తిరిగి రండి.’

ఆగి చూస్తే మా కాలికి నాలుగడుగుల దూరంలో, చిన్న రాళ్లు పేర్చిన గుంటలో నాలుగు గుడ్లు. మట్టి రంగు, నల్ల మచ్చలు. ఇంకో రెండడుగులు వేసి ఉంటే తొక్కేవాళ్లమే. ఈ పిట్టకు గూడు లేదు, కొమ్మ లేదు. నేలమీదే పెడుతుంది. అరుపే దాని గోడ.

ఆ అరుపు గురించి మా ఇంట్లో ఒక పాత గొడవ ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాం.

మూడో రోజు పాప పుస్తకం తెరుచుకుని ఇసుకలో కూర్చుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. బోట్లన్నీ ఒడ్డుకెక్కి ఉన్నాయి. ఒడ్డు నుంచే చేతులతో లాగే పెద్ద వల ఒకటి మాత్రం దిగింది. ముప్పై మంది దాకా ఆడా మగా తాడు పట్టుకుని వెనక్కి నడుస్తున్నారు. పైన గద్దలు చేరాయి. రెండు రకాలు. ఒకటి మా భిలాయి చీల్, మట్టి రంగుది, తోక చివర చీలి ఉంటుంది. రెండోది ఒళ్లంతా ఇటుక రంగు, తలా రొమ్మూ తెల్లగా మెరుస్తాయి. మా వాళ్లు గరుడ పక్షి అని దండం పెట్టేది దానికే.

పాప బొమ్మ చూసి పేరు చదివింది. ‘కామన్ పరయా కైట్.’ తలెత్తి అడిగింది: ‘తాతా, పరాయా అంటే వేరేవాళ్లది కదా. ఈ చీల్ ఎవరిది?’

హిందీలో పరాయా అంటే ఇతరులది. తెలుగులో పరాయి. దానికి తెలిసిన మాటతో అది సరిగ్గానే అడిగింది. అక్కడే రెండో గద్ద పేరు కూడా ఉంది, అదీ చదివింది. ‘బ్రాహ్మినీ కైట్.’

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్లుగా ఆ పుటలో పెన్సిలుతో తేదీలు రాసుకున్నవాళ్లం. మాకు ఒక్కనాడూ కళ్లు పడలేదు.

చెప్పక తప్పలేదు. తమిళ దేశంలో పరయర్లు ఒక అంటరాని కులమని, పరై అంటే డప్పు అని, ఆ కులం పేరును ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయి వెలివేతకు గురైన ఎవరికైనా వాడుకునే మాటగా చేసుకున్నారని, వీధికుక్కకూ చెత్తమీద వాలే గద్దకూ అదే పేరు తగిలించారని. తల తెల్లగా ఉండి జనం మొక్కే గద్దకు బ్రాహ్మణుల పేరు పెట్టారని. పాప కాసేపు ఆలోచించి, ‘మన చీల్‌కా? మన ఇంటి మీద తిరిగేదానికా?’ అంది. దాని కోపం పరయర్ల గురించి కాదు, చీల్ గురించి. అది రిసాలి పిల్ల మరి.

ఈ మధ్య వస్తున్న పుస్తకాల్లో పరయా మాట తీసేసి నల్ల గద్ద అని అర్థం వచ్చే పేరు పెట్టారు. బ్రాహ్మణ గద్ద మాత్రం ఇంకా బ్రాహ్మణ గద్దగానే ఉంది. కింద పేరు తుడిచి పై పేరు ఉంచితే మెట్టు పోయినట్టా? మాకు నవ్వొచ్చింది, నవ్వి ఊరుకోలేకపోయాం.

అమ్మ అంతా వింటోంది. ‘ఇంగిలీసోడే ఏటి? మనోళ్లు పెట్టనేదా?’ అంది. ఒళ్లంతా నల్లగా ఉండే పెద్ద కాకిని బొంతకాకి అంటాం. దానికే మాలకాకి అని ఇంకో పేరుంది, నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది. అమ్మ తొమ్మిదేళ్ల పిల్లగా కడవ పట్టుకుని బావికి దూరంగా నిలబడేదట. నీళ్లు పోసేవాళ్లు తీరుబడిగా వచ్చేదాకా ఎండలో నిలబడాలి. గట్టు మీద ఉన్నవాళ్లలో ఒకావిడ ఎప్పుడూ ‘మాలకాకి వాలింది’ అనేదట. ఈ మాట మాకు ఇంతవరకూ చెప్పలేదు. ఎనభై నాలుగేళ్లొచ్చాక, సముద్రం ముందు కూర్చుని, మనవరాలి బిడ్డకు చెప్పినట్టు చెప్పింది. చెప్పి, ‘ఆ కాకి మాసెడ్డ తెలివైంది. ఏడిపించినోళ్ల ముఖం మరిసిపోదు’ అంది. అమ్మ ముఖంలో కోపం కనపడలేదు. గట్టుమీది ఆవిడ పేరు, ఇంటిపేరు, ముక్కుపుడక రంగు మాత్రం చెప్పింది.

వల ఒడ్డుకొచ్చింది. చేపలు తక్కువ, చెత్త ఎక్కువ. పనికిరానివి ఇసుకలో వదిలేశారు. అప్పుడు గద్దలు దిగాయి. పాప కళ్లు వాటిమీదే. తెల్లతల గద్ద చచ్చిన చేపను కాళ్లతో ఎత్తుకుపోయింది. మా చీల్ కూడా చచ్చిన చేపనే ఎత్తుకుపోయింది. ఒకదాని కాళ్లలోంచి ఒకటి లాక్కోవడానికి చూశాయి. తిండి దగ్గర బ్రాహ్మణ గద్దకు మడి లేదు. చచ్చిన చేప, పీత, కప్ప, ఏది దొరికితే అది.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. మట్టి రంగు గద్ద ఒకటి వచ్చి వాలితే పాప ‘చీల్’ అని అరిచింది. అది లేచినప్పుడు చూస్తే తోక చీలి లేదు, గుండ్రంగా ఉంది. పుస్తకం తిరగేశాం. తెల్లతల గద్దకు పిల్లప్పుడు తెల్లతల ఉండదు. రెండు మూడేళ్లు వచ్చేదాకా ఒళ్లంతా మట్టి రంగే. రంగు చూసి పోల్చుకుంటే మోసపోతాం, తోక చూడాలి. తోక మాత్రం అబద్ధం చెప్పదు. చీలిన తోక చీలినదే, గుండ్రటిది గుండ్రటిదే. పుట్టుకతో వచ్చిన గుర్తు అది.

ఇక్కడ మాకు సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తం గుర్తొచ్చింది. విహారంలో ఎన్నోసార్లు చదివినదే. వాసెట్ఠుడు, భారద్వాజుడు అని ఇద్దరు బ్రాహ్మణ యువకులు ఇచ్ఛానంగలం దగ్గర వాదులాడుకుంటారు. బ్రాహ్మణుడయ్యేది పుట్టుక వల్లా, నడత వల్లా అని. తేలక తథాగతుడి దగ్గరికి వస్తారు. ఆయన సూటిగా మనుషుల దగ్గర మొదలుపెట్టరు. ముందు గడ్డినీ చెట్లనూ చూడమంటారు. తర్వాత పురుగులు, చీమలు. తర్వాత నాలుగు కాళ్ల జంతువులు, పాములు, చేపలు, చివరికి రెక్కలతో ఎగిరే పిట్టలు. వీటన్నిటికీ పుట్టుకతో వచ్చిన గుర్తులున్నాయి, జాతి జాతికీ తేడా ఉంది అంటారు. ఆ తర్వాతే మనిషి దగ్గరికి వచ్చి తల, చెవులు, కళ్లు, చేతులు, కాళ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఇక్కడ అలాంటి గుర్తు ఏదీ లేదంటారు. మనుషుల్లో తేడా అంతా పిలుపులోనే ఉందంటారు.

విహారంలో చదివినప్పుడు మేం ఆ గడ్డీ పిట్టల భాగాన్ని గబగబా దాటేసేవాళ్లం. అసలు సంగతి తర్వాత ఉంది కదా అని. అది ఉపోద్ఘాతం అనుకున్నాం. ఇసుకలో కూర్చుని రెండు తోకలు చూశాక తెలిసింది, వాదం బలమంతా ఆ భాగంలోనే ఉందని. జాతి అంటే ఏమిటో నిజంగా చూసినవాడికే అది మనిషిలో లేదని తెలుస్తుంది. గడ్డి, చీమ, చేప, పిట్ట ఇంత ఓపికగా వరసన చెప్పాలంటే వాటిని ఎవరో కూర్చుని చూసి ఉండాలి. ఎదురుగా ఉన్న ఆ ఇద్దరు యువకులకు ఊళ్లో రోజూ కనపడేవే అవన్నీ. కాదనడానికి వీల్లేని చోట మొదలుపెట్టారాయన.

పక్షులకు జాతులున్నాయి, పెట్టిన కులం అబద్ధం. మనుషులకు జాతులు లేవు, పెట్టిన కులం అబద్ధం. పాపకు మేం ఇంతే చెప్పాం. అది పెన్సిలు తీసి పుస్తకంలో ఏదో కొట్టేసింది. పుస్తకాల్లో గీతలు పెట్టొద్దని మామూలుగా అయితే కసిరేవాళ్లం.

ఇక ఆ పాత గొడవ. శతజయంతి సంవత్సరం 1991లో మా ఇంటిల్లిపాదీ దీక్ష తీసుకున్నాం. 22 ప్రతిజ్ఞలు గోడకు కట్టాం. శకునాలు, తిథులు, దిష్టి తీయడాలు అన్నీ ఇంట్లోంచి బయటికి పంపాం. అమ్మ అన్నిటికీ తలూపింది. 1997లో నాన్నకు బాగాలేనప్పుడు ఒక రాత్రి తీతువు ఇంటి పైనుంచి అరుస్తూ తిరిగింది. తెలుగువాళ్లకు ఆ కూత అంటే చావు కబురు. అమ్మ లేచి కూర్చుని ‘తీతువు...’ అని ఏదో చెప్పబోయింది. మేం ఇద్దరం ఒక్కసారే విరుచుకుపడ్డాం. ధమ్మంలోకి వచ్చి ఇన్నేళ్లయ్యాక కూడా ఈ మూఢనమ్మకాలేమిటి అని. అమ్మ మళ్లీ పడుకుంది. నాన్న మూడో రోజు పోయారు. ఆ తర్వాత అమ్మ మా ముందు పిట్టల మాట ఎత్తలేదు. మొక్కల మాటా ఎత్తలేదు. మేం అది మా విజయం అనుకున్నాం.

ఈసారి బీడులో ఆ గుడ్లు చూసిన రాత్రి అడిగాం. ‘అమ్మా, ఆ రోజు తీతువు అరిచినప్పుడు ఏం చెప్పబోయావు?’

‘అదే సెప్పబోయాను’ అంది. ‘చెరువు పక్కన యంత్రాలెట్టి మట్టి తవ్వతన్నారు. గుడ్లు పోయుంటాయి, రేత్తిరంతా ఎతుక్కుంటా తిరగతందని. మీరిన్నారేటి?’

కాసేపాగి, ‘బయ్యం కూడా ఏసిందిలే. నేదని ఎందుకనాలి’ అంది.

ఆ మాట విని ఇరవై ఏడేళ్లు వెనక్కి పోయాం. నమ్మకాన్ని తీసేస్తున్నామనుకుని దాంతోపాటు ఒక మనిషి చూపునూ, మాటనూ మూసేశాం. అమ్మకు చదువు లేదు. ఈ మొక్క పేరేమిటి, ఆ పిట్ట ఎప్పుడు గుడ్లు పెడుతుంది, ఏ ఆకు పసరు తేలుకుట్టుకు రాస్తారు, ఇవి దాని చదువు. అందులో భయాలూ కలిసే ఉన్నాయి. వేరుచేయడం మా పని. మేం వేరుచేయలేదు, మొత్తంగా పారబోశాం. నాగపూర్ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకంలో ఆ పేర్లు ఇంగ్లీషులో వెతుక్కుంటూ కూర్చున్నాం.

మర్నాడు నడక మానుకుని శాలిహుండం వెళ్లాం. కళింగపట్నానికి ఎగువన వంశధార ఒడ్డు కొండ. 1919లో ఆ బౌద్ధ స్థలాన్ని మొదట గుర్తించి లోకానికి చెప్పింది గిడుగు రామమూర్తి గారు. పుస్తకాల భాషను కాదని జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడిన మనిషి, సవరల భాష నేర్చుకుని రాసిన మనిషి. ఆయనకు ఈ కొండ కనపడటంలో మాకు ఆశ్చర్యం అనిపించదు. అమ్మను మెట్ల దాకా తీసుకెళ్లాం, ఎక్కలేకపోయింది. మేం పైకెళ్లి ఇటుక స్తూపాల చుట్టూ తిరిగాం. ఇటుకల సందులో ఎక్కడో పిట్ట రెట్టతో పడిన గింజ మొలిచి జానెడు రావి మొక్క ఉంది. వేళ్లు లావైతే కట్టడాన్ని చీలుస్తుంది. బోధివృక్షమే, స్తూపానికి శత్రువు. పీకాలా వద్దా అని పాప అడిగితే మేం జవాబు చెప్పలేకపోయాం. పీకలేదు. పక్కన తంగేడు, పరికి కంపలు, పైన పాలపిట్ట ఒకటి. పైనుంచి నదీ, ఇసుకతిన్నెలూ, దూరంగా సముద్రం గీతా కనిపిస్తాయి. ఓడల మీద వచ్చిన భిక్షువులు ఇటు చూసే నడిచి ఉంటారు.

ఈ తీరం వెంటే ఇంకా ఉత్తరానికి పోతే గంజాం జిల్లాలో ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. కళింగ యుద్ధం జరిగిన నేల మీద అశోకుడు చెక్కించిన శాసనాలు అక్కడి బండమీద ఉన్నాయి. మొదటిదానిలో తన వంటశాల లెక్క చెప్పుకున్నాడు. ఒకప్పుడు కూరకోసం లక్షల ప్రాణులు, శాసనం రాయించేనాటికి రెండు నెమళ్లు, ఒక లేడి, అదీ రోజూ కాదు, ఇకమీదట అవి కూడా ఉండవని. రెండో శాసనంలో మనుషులకూ పశువులకూ పనికొచ్చే మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించానని. తర్వాత పట్టాభిషేకమైన 26 ఏళ్లకు ఉత్తరాదిన స్తంభాల మీద చెక్కించిన ఇంకో శాసనంలో చంపకూడని ప్రాణుల జాబితా ఉంది. చిలక, గోరువంక, చక్రవాకం, హంస, గబ్బిలం, చీమ. చక్రవాకాన్ని తర్వాత ఇంగ్లీషువాళ్లు బ్రాహ్మణ బాతు అన్నారు. అశోకుడి జాబితాలో దానికి కులం లేదు. చీమ పక్కన అదీ ఒక ప్రాణి, అంతే. ఆ జాబితాలో గద్ద లేదని పాప కొంచెం చిన్నబుచ్చుకుంది. గద్దను ఎవరూ తినరు కదే అంది అమ్మ.

వెళ్లేరోజు పొద్దున తీతువు గుడ్లు చూడటానికి బీడుకు పోయాం. దూరంగానే ఆగాం. పిట్ట లేవలేదు, అరవలేదు. ఇంకొంచెం దగ్గరికి పోయాం. గుంట ఖాళీ. రాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. పెంకు ముక్క ఒక్కటి కూడా కనపడలేదు. పిల్లలు లేచిన రోజే నడుచుకుంటూ గూడు వదిలిపోతాయని పుస్తకంలో ఉంది. ఊరకుక్కలు ఈ బీడులో తిరుగుతాయని మాకు తెలుసు. పాప నేలంతా వెతికింది. తీతువు పిల్ల కదలకుండా పడుకుంటే మట్టిగడ్డలాగే ఉంటుంది, కనపడకపోవడం వింత కాదు అని చెప్పాం.

సరుగుడు తోపులో అమ్మ అడిగింది. ‘పిల్లలు లేసాయేటి?’

‘లేచాయమ్మా’ అన్నాం, ఇద్దరం ఒకేసారి. ఆ పొద్దునే నాలుగో శీలం చెప్పుకుని వచ్చినవాళ్లం. అమ్మ మా వంక చూసి ఏమీ అనలేదు. పాప మాత్రం నోరు తెరిచి మళ్లీ మూసింది.

సాయంత్రం బండెక్కాం. మర్నాడు దుర్గ్‌లో దిగేసరికి ఎండ దంచేస్తోంది. రిసాలి చౌక్‌లో తోరణాలు ఎవరో విప్పేశారు. తాళం తీస్తుంటే పాప తలెత్తి, ఇంటిమీద గుండ్రంగా తిరుగుతున్నదాన్ని చూసి, అమ్మ చెయ్యి పట్టుకుని చూపించింది. అమ్మకు అంత దూరం ఆనదు. ‘తోకెలాగుందే?’ అని అడిగింది.